మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు

ఆరంగుళాల అద్దమున్న న్యూటన్ తరహా టెలిస్కోపును ఒకదాన్ని తీసుకుందాం. అద్దం వ్యాసం 150 మి.మీ., నాభ్యంతరం, అంటే అద్దం నుంచి కాంతి కూడుకునే చోటికి దూరం, 750 మి.మీ. ఔత్సాహికుల దగ్గర తరచుగా కనిపించే కొలత ఇది. గొట్టం అడుగున ఉన్న పుటాకార దర్పణం నక్షత్రకాంతిని పోగుచేసి పైకి తిప్పికొడుతుంది. పై అంచు దగ్గర 45 డిగ్రీల వాలులో బిగించిన చిన్న అద్దం దాన్ని పక్కకు మళ్ళిస్తుంది. గొట్టం పక్కనున్న రంధ్రంలోంచి బయటికొచ్చిన కాంతి ఒకచోట కూడుకుంటుంది. అక్కడ ఐపీస్ పెట్టి చూస్తాం. ఆ ఐపీస్‌ను లోపలికీ బయటికీ జరిపి, సరైన చోట నిలబెట్టే పరికరం ఫోకసర్.

పెద్ద అద్దాన్ని అరగదీసేవాళ్ళు దాని ఉపరితలంలో 0.07 మైక్రాన్ల తేడాను కూడా లెక్కలోకి తీసుకుంటారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అంత నేర్పుతో తయారైన అద్దం ఇచ్చే బొమ్మను చవక టెలిస్కోపుల్లో ఒక ప్లాస్టిక్ గొట్టం, కాస్త జిగట గ్రీజు, రెండు వదులు స్క్రూలు కలిసి కంటికి అందిస్తుంటాయి. టెలిస్కోపు కొన్నవాళ్ళు ముందుగా మార్చాలనుకునే భాగాల్లో ఫోకసర్ ఒకటి కావడానికి కారణమిదే. అయితే మార్చాలా వద్దా, మారిస్తే ఎలాంటిది పెట్టాలి అన్నవి అంగడిలో కంటే ముందు కాగితం మీద తేలే విషయాలు.

ఎంత కచ్చితంగా నిలబెట్టాలి?

నాభ్యంతరాన్ని అద్దం వ్యాసంతో భాగిస్తే వచ్చేది ఎఫ్ సంఖ్య. 750ని 150తో భాగిస్తే 5 కాబట్టి మన టెలిస్కోపు ఎఫ్/5. అద్దం నుంచి బయల్దేరిన కాంతి శంకువు ఆకారంలో సన్నబడుతూ వస్తుంది. ఎఫ్/5 అంటే ఆ శంకువు ప్రతి 5 మి.మీ. ప్రయాణానికీ 1 మి.మీ. చొప్పున సన్నబడుతుందని అర్థం.

ఐపీస్ సరైన చోటి నుంచి 0.1 మి.మీ. ముందుకో వెనక్కో తప్పిందనుకుందాం. అక్కడ శంకువు వెడల్పు 0.02 మి.మీ., అంటే 20 మైక్రాన్లు. ఇది ఎక్కువా, తక్కువా? పోల్చడానికి ఇంకో కొలత కావాలి. కాంతి తరంగం కాబట్టి నక్షత్రం ఎంత మంచి అద్దంలోనైనా గణిత బిందువులా కనిపించదు, చిన్న బిళ్ళలా కనిపిస్తుంది. 1835లో జార్జ్ ఎయిరీ దాని పరిమాణాన్ని లెక్కగట్టాడు. మన కంటికి బాగా ఆనే, పసుపు కలిసిన ఆకుపచ్చ కాంతికి, ఎఫ్/5 దగ్గర, ఆ బిళ్ళ వ్యాసం 6.7 మైక్రాన్లు. 0.1 మి.మీ. పొరపాటు తెచ్చిన 20 మైక్రాన్ల మసక దానికి మూడు రెట్లు. శనిగ్రహ వలయాల మధ్య నల్లని సందు అందులో కలిసిపోతుంది.

ఇప్పుడు ఎఫ్/10 టెలిస్కోపును చూద్దాం. అక్కడ శంకువు సగం వేగంతోనే సన్నబడుతుంది కాబట్టి అదే పొరపాటుకు మసక సగమే. పైగా ఎయిరీ బిళ్ళే రెండింతలు పెద్దది. రెండు వైపులా సడలింపు దొరికింది కనుక పొరపాటుకు చోటు నాలుగు రెట్లు పెరిగింది. అంటే ఈ చోటు ఎఫ్ సంఖ్య వర్గాన్ని బట్టి మారుతుంది. తరంగంలో పావు వంతుకు మించి తేడా రాకూడదన్న రేలీ ప్రమాణాన్ని పెట్టుకుంటే సూత్రం సులువు: కాంతి తరంగదైర్ఘ్యాన్ని ఎఫ్ సంఖ్య వర్గంతో గుణించి రెట్టింపు చేయాలి. తరంగదైర్ఘ్యం 0.55 మైక్రాన్లు అనుకుంటే ఎఫ్/10కి అటూ ఇటూ 110 మైక్రాన్లు, ఎఫ్/8కి 70, ఎఫ్/5కి 27, ఎఫ్/4కి 18 మైక్రాన్లు వస్తాయి.

మన ఆరంగుళాల టెలిస్కోపులో బొమ్మ నిఖార్సుగా ఉండే మేర, అటు 27, ఇటు 27 కలిపి, సుమారు 55 మైక్రాన్లు. మిల్లీమీటరులో దాదాపు ఇరవయ్యో వంతు. ఫోకసర్ పని ఐపీస్‌ను తెచ్చి ఆ మేరలో ఆపి, మనం చెయ్యి తీసేశాక కూడా అక్కడే ఉంచడం.

కన్ను కప్పిపుచ్చే తప్పులు

లెక్క ఇంత కఠినంగా ఉంటే చవక ఫోకసర్లతో లక్షలమంది చంద్రుణ్ణి హాయిగా ఎలా చూస్తున్నారు? సాయం చేసేది కన్ను. దగ్గరి వస్తువును, దూరపు వస్తువును చూడటానికి కంటి కటకం తన ఆకారాన్ని మార్చుకుంటుంది. ఆ సర్దుబాటే ఫోకసర్ తప్పును కొంత మింగేస్తుంది. ఎంత మింగుతుందన్నది ఐపీస్‌ను బట్టి ఉంటుంది. కన్ను ఒక డయాప్టర్ (కళ్ళద్దాల పవరును కొలిచే ప్రమాణం) మేర సర్దుకుంటే, 25 మి.మీ. ఐపీస్‌తో 0.6 మి.మీ. పైగా పొరపాటు కనబడకుండా పోతుంది. 6 మి.మీ. ఐపీస్‌తో మాత్రం 0.036 మి.మీ. వరకే. అందుకే 30 రెట్లు పెద్దదిగా చూపించే ఐపీస్‌తో భేషుగ్గా అనిపించిన ఫోకసర్, 125 రెట్లకు వెళ్ళేసరికి మొరాయిస్తుంది.

నలభై దాటాక వచ్చే చత్వారం ఈ సర్దుబాటు శక్తిని తగ్గిస్తుంది. పాతికేళ్ళ కూతురికి ఏ లోపమూ కనిపించని టెలిస్కోపులో యాభై ఏళ్ళ తండ్రికి గురుగ్రహం కుదురుగా కనబడకపోవచ్చు. ఇద్దరూ చెప్పేది నిజమే. కెమెరాకైతే ఈ సర్దుబాటు బొత్తిగా లేదు.

పళ్ళచక్రంతో వచ్చే చిక్కు

అన్నిటికంటే సాదా ఫోకసర్ అంటే ఒక గొట్టంలో బిగువుగా జారే ఇంకో గొట్టం. 1960ల చివర శాన్ ఫ్రాన్సిస్కో వీధుల్లో జనానికి ఆకాశం చూపించిన జాన్ డాబ్సన్ తన టెలిస్కోపుల్లో అట్ట గొట్టాలు వాడాడు. చేత్తో తోసి, మెలిపెట్టి ఫోకస్ చేయడమే. తక్కువ రెట్ల ఐపీస్‌తో చూసేవాళ్ళకు అది చాలు.

ఎక్కువ టెలిస్కోపుల్లో వచ్చేది పళ్ళపట్టీ, పళ్ళచక్రం ఉన్న రకం. మీట తిప్పితే చిన్న పళ్ళచక్రం తిరిగి, గొట్టానికి అంటించిన పట్టీని జరుపుతుంది. చక్రం వ్యాసం 8 మి.మీ. అనుకుంటే ఒక చుట్టుకు గొట్టం 25 మి.మీ. కదులుతుంది. మనకు కావలసిన 55 మైక్రాన్లకు చక్రం తిరగాల్సింది 0.8 డిగ్రీ మాత్రమే. మీట వ్యాసం 40 మి.మీ. అయితే దాని అంచు మీద అది పావు మిల్లీమీటరు పైచిలుకు. వేలు అంతలో ఆగాలి. ఆగినా చేతి వణుకుకు టెలిస్కోపు ఊగుతుంది.

దీనికి ఔత్సాహికులు చాలాకాలంగా వాడుతున్న చిట్కా ఒకటుంది: బట్టలారేసే క్లిప్పును మీటకు తగిలించడం. క్లిప్పు కొస ఇరుసుకు 8 సెంటీమీటర్ల దూరంలో ఉంటే అదే 0.8 డిగ్రీకి కొస 1.1 మి.మీ. కదులుతుంది. నాలుగు రెట్ల నియంత్రణ దాదాపు ఖర్చు లేకుండా వచ్చినట్టే.

క్లిప్పు తీర్చలేని లోపాలు రెండున్నాయి. మొదటిది, పళ్ళ మధ్య సందు. సందు లేకపోతే చక్రం బిగుసుకుపోతుంది. ఉంటే, దిశ మార్చినప్పుడు మీట కొంత వృథాగా తిరిగాకే గొట్టం కదులుతుంది. రెండోది, గొట్టానికీ దాన్ని పట్టుకున్న కవచానికీ మధ్య సందు. 30 మి.మీ. పొడవున్న పట్టులో 0.1 మి.మీ. వదులుంటే గొట్టం సుమారు 0.2 డిగ్రీలు వాలిపోగలదు. మీట అటు తిప్పితే బొమ్మ ఇటు గెంతడం ఆ వాలు మారడం వల్లే. 20 మి.మీ. వెడల్పున్న కెమెరా సెన్సర్ మీద ఈ వాలు ఒక అంచుకూ రెండో అంచుకూ మధ్య 67 మైక్రాన్ల ఎత్తు తేడా తెస్తుంది. మనకున్న మేర 55 మైక్రాన్లు కదా, ఫొటోలో ఒక పక్క నక్షత్రాలు సూదిమొనల్లా, రెండో పక్క ఉబ్బినట్టుగా పడతాయి. ఫ్యాక్టరీలో పూసే జిగట గ్రీజు ఈ సందులను నింపి, లోపాన్ని దాచేస్తుంది.

క్రేఫోర్డ్ పేరు ఎలా వచ్చింది?

సందు లేకుండా గొట్టాన్ని కదపడం ఎలా అన్న ప్రశ్నకు అందమైన జవాబు లండన్ ఆగ్నేయ శివారులోని క్రేఫోర్డ్ నుంచి వచ్చింది. అక్కడి ఔత్సాహిక ఖగోళ సంఘ సభ్యుడు జాన్ వాల్ రూపొందించిన ఫోకసర్ వివరాలు 1971 ఫిబ్రవరిలో బ్రిటిష్ ఆస్ట్రనామికల్ అసోసియేషన్ పత్రికలో, 1972 సెప్టెంబరులో ‘స్కై అండ్ టెలిస్కోప్’ పత్రికలో వచ్చాయి. వాల్ దానికి పేటెంట్ తీసుకోలేదు. ఇంట్లో పనిముట్లున్న ఎవరైనా చేసుకోవచ్చు, ఏ కంపెనీ అయినా అమ్ముకోవచ్చు. ఊరి పేరే దానికి స్థిరపడింది.

అందులో పళ్ళు లేవు. గొట్టం ఒక వైపు నాలుగు చిన్న బేరింగుల మీద ఆనుతుంది. రెండు బేరింగులు ముందు, రెండు వెనక, ఒక్కో జత గొట్టాన్ని లోయలా పట్టుకుంటుంది. ఎదుటి వైపు గొట్టం మీద చదునుగా చేసిన పట్టీ ఉంటుంది. దాని మీద ఒక ఉక్కు ఇరుసు అడ్డంగా ఒత్తుకుని ఉంటుంది. ఇరుసును తిప్పితే ఒరిపిడి వల్ల గొట్టం జరుగుతుంది.

ముక్కాలి పీట ఎగుడుదిగుడు నేల మీద కూడా ఊగకపోవడానికి కారణం, దానికి అవసరమైనన్ని ఆనికలే ఉండటం. వాల్ ఆలోచన అదే. నాలుగు బేరింగులు గొట్టాన్ని అటూ ఇటూ, పైకీ కిందికీ పోనివ్వవు, వాలనివ్వవు. చదును పట్టీ మీది ఇరుసు దాన్ని మెలి తిరగనివ్వదు. మిగిలింది ఒకే ఒక కదలిక, లోపలికీ బయటికీ. గొట్టం ఎప్పుడూ బేరింగుల వైపే ఒత్తుకుని ఉంటుంది కాబట్టి వదులుకు తావు లేదు. కవచాన్ని మైక్రాన్ల కొలతకు కోయనక్కర్లేదు. సామాన్యమైన పనితనంతో అసామాన్యమైన కచ్చితత్వం వస్తుంది.

దీని బలహీనత కూడా ఒరిపిడిలోనే ఉంది. బరువైన కెమెరా తగిలిస్తే ఇరుసు జారొచ్చు. ఒత్తిడి స్క్రూ బిగిస్తే జారుడు తగ్గుతుంది, కానీ అతిగా బిగిస్తే కదలిక మొద్దుబారుతుంది. ఇరుసు తాకే పట్టీ మీద నూనె, గ్రీజు చుక్క కూడా పడకూడదు. బరువైన కెమెరాలు వాడేవాళ్ళు ఈ మధ్య మళ్ళీ పళ్ళపట్టీ వైపే చూస్తున్నారు. అయితే అవి బేరింగుల మీద నడిచే, ఏటవాలు పళ్ళున్న మేలురకం పట్టీలు.

ఇరుసు వ్యాసం 4 మి.మీ. ఉన్న క్రేఫోర్డ్‌లో మన 55 మైక్రాన్లకు మీట 1.6 డిగ్రీలు తిరగాలి. దానికి పదికి ఒకటి వేగం తగ్గించే రెండో మీట జోడిస్తే అది 16 డిగ్రీలవుతుంది. 20 మి.మీ. వ్యాసమున్న చిన్న మీట అంచు మీద 2.7 మి.మీ. పైమాటే. పాత ఫోకసర్‌లో వేలికి పావు మిల్లీమీటరు చోటుండేది, ఇప్పుడు దానికి పది రెట్లు. రెండు వేగాల ఫోకసర్ వాడినవాళ్ళు మళ్ళీ ఒక వేగానికి వెళ్ళలేకపోవడానికి కారణం ఈ అంకెలే.

ఎత్తు చూసి కొనాలి

కొత్త ఫోకసర్ ఎంపికలో చాలామంది రంగు, మెరుపు, వేగాలు చూస్తారు. ముందు చూడాల్సింది ఎత్తు, అంటే పూర్తిగా లోపలికి దించినప్పుడు టెలిస్కోపు గొట్టం మీద అది ఎంత పొడవుంటుందో. అద్దం నుంచి కాంతి కూడుకునే చోటికి మొత్తం దూరం 750 మి.మీ. దాన్ని మార్చలేం. కొత్త ఫోకసర్ పాతదానికంటే పొట్టిదైతే చింత లేదు, మధ్యలో చిన్న పొడిగింపు గొట్టం పెడితే సరిపోతుంది. పొడవుదైతే ఐపీస్ ఆ చోటిని అందుకోలేదు. మీట చివరిదాకా తిప్పినా బొమ్మ మసకగానే ఉండిపోతుంది.

కొలత ఇంట్లోనే తీయొచ్చు. చంద్రుడి వైపు గురిపెట్టి, ఐపీస్ తీసేసి, ఫోకసర్ మూతి దగ్గర ట్రేసింగ్ కాగితం పట్టుకోవాలి. కాగితాన్ని ముందుకూ వెనక్కూ జరుపుతుంటే ఒకచోట 7 మి.మీ. వెడల్పున్న చంద్రబింబం స్పష్టంగా ఏర్పడుతుంది. అక్కణ్ణుంచి టెలిస్కోపు గొట్టం దాకా కొలిస్తే మీ చేతిలో ఉన్న ఎత్తు ఎంతో తెలుస్తుంది. ఈ పని సూర్యుడితో ఎన్నడూ చేయకూడదు. కాగితం కాలుతుంది, కన్ను పోతుంది.

ఎత్తు చాలకపోతే పెద్ద అద్దాన్ని కొంచెం పైకి జరపొచ్చు. దాన్ని పట్టుకున్న బోల్టులు పొడవైనవి వేస్తే అద్దం ఎంత పైకొస్తే బొమ్మ అంత బయటికొస్తుంది. దీనికి ఒక మూల్యం ఉంది. చిన్న అద్దం దగ్గర కాంతి శంకువు ప్రతి 5 మి.మీ.కీ 1 మి.మీ. చొప్పున లావవుతుంది. 20 మి.మీ. జరిపితే 4 మి.మీ. చిన్న అద్దం అంత కాంతిని పట్టలేకపోతే పెద్ద అద్దం అంచులు వృథా అవుతాయి.

కొందరు ఒకటింపావు అంగుళం ఐపీస్‌ల నుంచి రెండంగుళాల వాటికి మారడం కోసం ఫోకసర్ మారుస్తారు. చిన్నవాటిలో కనిపించే వలయం వెడల్పు మహా అయితే 27 మి.మీ., పెద్దవాటిలో 46. మన టెలిస్కోపులో అవి వరుసగా 2 డిగ్రీలు, 3.5 డిగ్రీల ఆకాశం. మొదటిదానిలో కృత్తికలు ఇరుగ్గా పడతాయి. రెండోదానిలో చుట్టూ చీకటితో సహా విశాలంగా కనిపిస్తాయి. ఇక్కడ కూడా చిన్న అద్దం సరిపడా పెద్దదో కాదో చూసుకోవాలి, లేకపోతే అంచులు చీకటి పడతాయి.

రంధ్రం వేసే రోజు

కొత్త ఫోకసర్ పీట రంధ్రాలు పాతవాటితో కలిస్తే అదృష్టం. కలవకపోతే డ్రిల్లు పట్టాల్సిందే. ముందు రెండు అద్దాలనూ బయటికి తీసి, గుడ్డ కప్పి, ఇంకో గదిలో పెట్టాలి. ఇనుప రజను అద్దం పూత మీద పడితే తుడిచే కొద్దీ గీతలే. పీట అడుగును కాగితం మీద అచ్చు తీసి, ఆ కాగితాన్ని గొట్టానికి అంటించి గుర్తులు పెట్టాలి. పెద్ద రంధ్రాన్ని కావలసినదానికంటే ఒక పిసరు చిన్నగా కోసి, ఆకురాయితో అంచులు సరిచేయాలి. కోసిన అంచుకు మెరవని నల్లరంగు వేయాలి.

తర్వాతది నిటారుతనం. గొట్టం చుట్టూ కాగితం పట్టీ చుట్టి, దాన్ని సగానికి మడిస్తే ఫోకసర్‌కు సరిగ్గా ఎదురుగా ఉన్న చోటు దొరుకుతుంది. అక్కడ గుర్తు పెట్టి, చిన్న అద్దం లేకుండా, ఫోకసర్‌లో లేజర్ ఉంచితే కాంతిచుక్క ఆ గుర్తు మీద పడాలి. పడకపోతే పీట కింద ఒక మూలన పలచని రేకు ముక్క పెట్టి సరిచేయాలి. ఆ తర్వాతే అద్దాలను బిగించి, వాటి వరస సరిచూడాలి. వదులు ఫోకసర్‌లో లేజర్ పెట్టి అద్దాల వరస సరిచేయడం శుద్ధ దండగ. చుక్క చూపేది ఫోకసర్ వాలునా, అద్దం వాలునా అన్నది ఎవరూ చెప్పలేరు.

గొట్టాన్ని పూర్తిగా లోపలికి దించినప్పుడు దాని కొస టెలిస్కోపు లోపలికి పొడుచుకువస్తోందేమో కూడా చూడాలి. వస్తే అది కాంతికి అడ్డుపడి ప్రకాశవంతమైన నక్షత్రాల బింబాన్ని ఒక పక్క కొరికినట్టు చేస్తుంది.

రాత్రి చల్లబడితే

ఫొటోలు తీసేవాళ్ళకు ఇంకో చిక్కు ఉంది. ఉక్కు ఒక డిగ్రీ చల్లబడితే మీటరుకు 12 మైక్రాన్లు కుంచించుకుంటుంది. పెద్ద అద్దానికీ ఫోకసర్‌కూ మధ్య 60 సెంటీమీటర్ల ఉక్కు గొట్టం ఉందనుకుంటే, పది డిగ్రీల తేడాకు 72 మైక్రాన్లు. తెలంగాణలో చలికాలంలో సాయంత్రానికీ తెల్లవారుజాముకూ మధ్య అంత తేడా రావడం మామూలే. ఎనిమిది గంటలకు కుదిరిన ఫోకస్ మూడు గంటలకు చెదిరిపోవడం అందుకే. కంప్యూటర్ నడిపే చిన్న మోటారును ఫోకసర్‌కు తగిలించడం ఈ సర్దుబాటు కోసమే. 2005లో రష్యన్ ఔత్సాహికుడు పావెల్ బహ్తినోవ్ రూపొందించిన గీతల తెర ఇక్కడ చాలా ఉపయోగం. దాన్ని టెలిస్కోపు మూతికి తొడిగితే నక్షత్రం మూడు గీతలుగా కనిపిస్తుంది. మధ్య గీత మిగతా రెండింటి కూడలిలోంచి పోతే ఫోకస్ కుదిరినట్టు.

హబుల్ టెలిస్కోపుకు కూడా ఈ బాధ తప్పలేదు. దాని అద్దాల మధ్య దూరాన్ని నిలబెట్టే గ్రాఫైట్-ఎపాక్సీ చట్రం అంతరిక్షంలో తేమ కోల్పోయి ఏళ్ళ తరబడి కుంచించుకుంది. రెండో అద్దాన్ని మైక్రాన్ల లెక్కన జరుపుతూ శాస్త్రవేత్తలు ఫోకస్ కాపాడారు. ఆ హబుల్లోనే పెద్ద అద్దం అంచు 2.2 మైక్రాన్లు అవసరానికి మించి చదునుగా తయారైంది. ఆ తప్పును ఎంత ఫోకస్ చేసినా దిద్దలేకపోయారు. 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్ళి దిద్దుబాటు పరికరాలు బిగించాకే బొమ్మలు చక్కబడ్డాయి. ఫోకసర్ హద్దు అది. అద్దం ఆకారం తప్పినా, అద్దాల వరస చెదిరినా, గాలి కుదురుగా లేకపోయినా ఎంత ఖరీదైన ఫోకసర్ కూడా ఏమీ చేయలేదు.

ఏ వరసలో ఖర్చు పెట్టాలి?

ముందు పరీక్ష. ఓ మోస్తరు నక్షత్రాన్ని మీ దగ్గరున్న అత్యధిక రెట్ల ఐపీస్‌తో చూస్తూ మీటను అటూ ఇటూ తిప్పండి. నక్షత్రం ఉన్నచోటే ఉబ్బి, కుదించుకుంటే గొట్టం నిటారుగా కదులుతున్నట్టు. పక్కకు గెంతితే వదులుంది. దిశ మార్చినప్పుడు కాసేపు ఏమీ జరగకపోతే పళ్ళ సందు ఎక్కువైంది. చెయ్యి తీయగానే చెదిరితే బిగువు చాలదు.

వదులు మాత్రమే కనిపిస్తే పాత గ్రీజును కిరోసిన్‌తో తుడిచేసి, కవచం లోపల పలచని టెఫ్లాన్ ముక్కలు అంటించి, పళ్ళచక్రం స్క్రూలను జాగ్రత్తగా బిగించి చూడండి. చాలా ఫోకసర్లు ఒక సాయంత్రంలో దారికొస్తాయి. వేలి నియంత్రణే సమస్యయితే క్లిప్పుతో మొదలుపెట్టొచ్చు. ఇవి రెండూ చాలవని తేలాకే రెండు వేగాల క్రేఫోర్డ్, ఆ తర్వాత ఫొటోల కోసమైతే మోటారు.

ఎఫ్/8 టెలిస్కోపు ఉన్నవాళ్ళలో చాలామందికి మొదటి రెండింటితోనే పని అయిపోతుంది. వాళ్ళకున్న చోటు మొత్తం 140 మైక్రాన్లు. ఎఫ్/4 వాళ్ళకు 35 మైక్రాన్లే కాబట్టి వాళ్ళు మంచి ఫోకసర్‌ను విలాసం అనుకోనక్కర్లేదు. డబ్బు తీసే ముందు గొట్టం మీద రాసి ఉన్న ఎఫ్ సంఖ్యను చూసి, దాని వర్గం కట్టండి.